షిన్ స్ప్లింట్స్: పరుగుతో వచ్చే కాలి ఎముక నొప్పి

పరుగు, గెంతడం, కవాతు వంటి పనుల్లో కాలి ఎముక మీద పదేపదే భారం పడినప్పుడు, మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక లోపలి అంచు వెంబడి వచ్చే నొప్పిని షిన్ స్ప్లింట్స్ అంటారు. వైద్య గ్రంథాల్లో దీని పేరు మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్. దెబ్బ తగలడం, కాలు మడతపడడం లాంటి సంఘటన ఏదీ లేకుండానే ఇది మొదలవుతుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో, ఉన్నట్టుండి దూరమో వేగమో పెంచినవారిలో, సైన్యం, పోలీసు శిక్షణలో చేరినవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి పరుగు తగ్గిస్తే తగ్గిపోతుంది. అయితే అదే చోట ఎముకలో పగులు వచ్చినా మొదట్లో నొప్పి ఇలాగే ఉంటుంది. అందుకే ఈ రెంటినీ వేరు చేసి గుర్తించడం దీని వైద్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

నిర్వచనం, లక్షణాలు

వైద్యులు సాధారణంగా రెండు గుర్తులు చూస్తారు. మొదటిది, శ్రమ చేసినప్పుడు ఎముక లోపలి అంచున, కింది మూడింట రెండు వంతుల భాగంలో నొప్పి రావడం. రెండోది, ఆ అంచును వేలితో నొక్కినప్పుడు కనీసం 5 సెంటీమీటర్ల పొడవున, అంటే సుమారు మూడు వేళ్ల వెడల్పున, నొప్పి తెలియడం. ఈ రెండూ ఉండి, తిమ్మిరి, కాలు చల్లబడడం, ఒకే బిందువు దగ్గర పదునైన నొప్పి వంటివి లేకపోతే ఎక్స్‌రే అవసరం లేకుండానే రోగ నిర్ధారణ చేయవచ్చు.

నొప్పి నడిచే తీరు దాదాపు అందరిలోనూ ఒకటే. తొలి దశలో పరుగు మొదలైన కొద్ది నిమిషాలు నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. పరుగు ఆపాక మళ్లీ మొదలవుతుంది. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో కాలు బిగదీసినట్టు ఉంటుంది. పట్టించుకోకుండా సాగదీస్తే నొప్పి పరుగు పొడవునా ఉంటుంది, తర్వాత మెట్లు దిగేటప్పుడు, ఆపైన మామూలు నడకలోనూ వస్తుంది. వేడెక్కితే తగ్గిపోతోందన్న ధైర్యంతోనే చాలామంది తొలి వారాలు పరుగు ఆపరు. జబ్బు ముదిరేది ఆ వారాల్లోనే.

చరిత్ర

అతిశ్రమ వల్ల ఎముక దెబ్బతినడాన్ని మొదట నమోదు చేసింది సైనిక వైద్యులు. ప్రష్యా సైన్యంలో వైద్యుడైన బ్రైట్‌హాప్ట్ 1855లో, సుదీర్ఘ కవాతుల తర్వాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని వర్ణించాడు. ఎక్స్‌రే కనుగొన్న రెండేళ్లకే, 1897లో, ఆ పాదాల ఎముకల్లో పగుళ్లు ఉన్నాయని తేలింది.

కాలి ఎముక విషయంలో స్పష్టత రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. బ్రిటిష్ ఎముకల వైద్యుడు మైఖేల్ డెవాస్ 1958లో క్రీడాకారుల కాలి నొప్పిపై రాసిన వ్యాసంలో దాని వెనుక ఎముక పగుళ్లున్నాయని చూపాడు. 1967లో ఆయనే పందెపు గుర్రాల ముందుకాళ్ల ఎముకల్లో వచ్చే ఇలాంటి గాయాన్ని మనుషుల గాయంతో పోల్చి మరో వ్యాసం రాశాడు. ఎముక ఇంకా గట్టిపడని పిల్ల గుర్రాలను వేగంగా పరుగెత్తిస్తే వాటికీ కాలి ఎముక నొప్పి వస్తుంది. పెరుగుతున్న ఎముక మీద తొందరపడి భారం వేయడం ఏ జంతువుకైనా హానికరమే అన్నది ఆ పోలికలోని సారం.

మోకాలి కింద వచ్చే ప్రతి నొప్పినీ చాలాకాలం షిన్ స్ప్లింట్స్ అనే పిలిచేవారు. 1966లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ పేరుకు హద్దు గీసింది. గట్టి నేల మీద పరుగు వల్లా, పాదాన్ని వంచే కండరాల అతి వాడకం వల్లా వచ్చే నొప్పికే ఆ పేరు ఉంచి, ఎముక పగుళ్లనూ రక్తప్రసరణ లోపాలనూ పక్కకు తీసింది. 1980ల తొలి ఏళ్లలో మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. 1995లో ఫ్రెడరిక్‌సన్ బృందం ఎంఆర్‌ఐ చిత్రాల ఆధారంగా, పైపొర వాపు నుంచి పూర్తి పగులు దాకా, గాయాన్ని దశలుగా విభజించింది. ఎముక మీద ఒత్తిడి, పగులు అనేవి ఒకే దారిలో ముందూ వెనకా ఉండే దశలు కావచ్చన్న ఆలోచన దీంతో బలపడింది.

అంతర్జంఘిక నిర్మాణం

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లోపలివైపు ఉన్న లావు ఎముక అంతర్జంఘిక, బయటివైపు ఉన్న సన్న ఎముక బహిర్జంఘిక. శరీర బరువులో అత్యధిక భాగాన్ని మోసేది అంతర్జంఘికే. తొడ ఎముక తర్వాత శరీరంలో పొడవైన ఎముక ఇదే. దీని ముందు లోపలి తలం మీద కండరం ఉండదు, చర్మం కిందే ఎముక తగులుతుంది. మంచం కోడు తగిలితే ప్రాణం పోయినంత పని అవడానికి కారణం ఇదే.

ఎముక మీద పెరియాస్టియం అనే పలుచని పొర ఉంటుంది. అందులో నరాల చివరలు దట్టంగా ఉంటాయి. పిక్క లోతులోని సోలియస్ కండరం, కాలివేళ్లను వంచే కండరం, వాటిని కప్పి ఉంచే గట్టి పొర ఈ లోపలి అంచు దగ్గరే ఎముకను పట్టుకుని ఉంటాయి. మధ్య భాగమూ కింది భాగమూ కలిసే చోట అంతర్జంఘిక బాగా సన్నబడుతుంది. షిన్ స్ప్లింట్స్ నొప్పి ఎక్కువగా కనిపించేదీ ఆ చుట్టుపక్కలే.

గాయం ఏర్పడే విధానం

పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం తిరిగి కాలికి అందుతుంది. 60 కిలోల మనిషికి అది 120 నుంచి 180 కిలోల బరువుతో సమానం. కండరాల లాగుడు కూడా కలిస్తే ఎముక లోపల పడే బలం ఇంకా ఎక్కువ. 5 కిలోమీటర్ల పరుగులో ఒక్కో కాలు సుమారు 2,500 సార్లు ఈ బలాన్ని భరిస్తుంది. ఒక్కో అడుగు చేసే హాని దాదాపు శూన్యం. ఎముకను అలసిపోయేలా చేసేది వాటి సంఖ్య.

ఈ బలం గాయంగా ఎలా మారుతుందన్నదానికి రెండు వివరణలు ఉన్నాయి. పాతది లాగుడు సిద్ధాంతం. పిక్క కండరాలు, వాటిపై పొర ఎముక అంచును పదేపదే గుంజడం వల్ల పెరియాస్టియం రేగుతుందని ఇది చెబుతుంది. రెండోది వంపు సిద్ధాంతం. పాదం నేలను తాకిన ప్రతిసారీ అంతర్జంఘిక కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది, సన్నగా ఉన్న చోట ఆ వంపు ఒత్తిడి ఎక్కువ. భారం పడిన ఎముక తనను తాను దిట్టం చేసుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే సూత్రీకరించాడు. అయితే ఈ మరమ్మతులో ముందు పాత ఎముకను తొలిచే కణాలు పనిచేస్తాయి, కొత్త ఎముకను కట్టే కణాలు తర్వాత వస్తాయి. తొలిచే పని వారాల్లో ముగుస్తుంది, కట్టే పనికి నెలలు పడుతుంది. ఈ రెంటి మధ్య కాలంలో ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలకు, అప్పుడప్పుడే ఊపిరి కుదిరి ఉత్సాహం వచ్చే వేళకు, నొప్పి మొదలవడం దీనితో సరిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు త్వరగా అలవాటుపడతాయి. ఎముక వాటి వెనుక నడుస్తుంది.

వంపు సిద్ధాంతానికి స్వీడన్ పరిశోధకుల కొలతలు బలమిచ్చాయి. చాలాకాలంగా ఈ నొప్పితో బాధపడుతున్న క్రీడాకారుల్లో నొప్పి ఉన్న చోట ఎముక సాంద్రత తక్కువగా ఉందని 2001లో, నొప్పి తగ్గాక సాంద్రత తిరిగి పెరిగిందని 2003లో వారు ప్రచురించారు. పైపొర వాపు మాత్రం పరీక్షించిన అందరిలోనూ కనిపించలేదు. ఇప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది దీన్ని ముఖ్యంగా ఎముక మీద భారం మితిమీరడం వల్ల వచ్చే గాయంగా చూస్తున్నారు. కండరాల లాగుడు పాత్రను పూర్తిగా కొట్టిపారేయలేదు.

ఎవరికి ఎక్కువగా వస్తుంది

ఆస్ట్రేలియా నౌకాదళంలో 10 వారాల ప్రాథమిక శిక్షణ పొందుతున్నవారిపై 2004లో వెలువడిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు మందికి ఈ నొప్పి వచ్చింది. మహిళల్లో ఆ నిష్పత్తి మరింత ఎక్కువ. ఆ అధ్యయనమూ, తర్వాత వచ్చినవీ కలిపి చూస్తే కొన్ని కారణాలు పదేపదే కనిపిస్తాయి: ఇంతకుముందు ఇదే నొప్పి వచ్చి ఉండడం, పరుగులో అనుభవం తక్కువగా ఉండడం, శరీర బరువు ఎక్కువగా ఉండడం, నిలబడినప్పుడు అరికాలి వంపు ఎక్కువగా కిందికి దిగి పాదం లోపలికి వాలడం.

ఆహారం పాత్ర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తినేదానికన్నా ఎక్కువ శక్తి ఖర్చు చేసే క్రీడాకారుల్లో హార్మోన్లు తగ్గి ఎముక పలచబడుతుంది. మహిళల్లో నెలసరి ఆగిపోవడం దీనికి మొదటి హెచ్చరిక. ఈ స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అనే పేరుతో నిర్వచించి, పురుషులకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. ఎముకలో పగుళ్లు మళ్లీ మళ్లీ వచ్చే అమ్మాయిని నెలసరి గురించి, తిండి గురించి అడగకుండా పరీక్ష ముగించకూడదు. మన ఊళ్లలో ఆ ప్రశ్న అడగడానికి శిక్షకుడు మొహమాటపడతాడు, చెప్పడానికి అమ్మాయి సిగ్గుపడుతుంది. నష్టపోయేది ఎముక.

పరీక్ష విధానం

రోగి బల్ల మీద మోకాలు మడిచి కూర్చుంటారు, పిక్క వదులుగా వేలాడుతుంది. వైద్యుడు చీలమండ లోపలి బుడిపె పైనుంచి మొదలుపెట్టి, ఎముక లోపలి వెనక అంచు మీద బొటనవేలిని గట్టిగా నొక్కుతూ, వేలి వెడల్పు చొప్పున పైకి జరుపుతాడు. ఎక్కడ నొప్పి మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నవి పెన్నుతో గుర్తు పెడితే పొడవు తెలిసిపోతుంది. షిన్ స్ప్లింట్స్‌లో నొప్పి గీతలా పొడవుగా పాకి ఉంటుంది. పగులులో వేలి కొన పట్టేంత చోట మాత్రమే ఉండి, అక్కడ నొక్కగానే రోగి కాలు వెనక్కి లాక్కుంటారు. తర్వాత ఆ ఒంటికాలి మీద కొన్ని గెంతులు వేయిస్తారు. షిన్ స్ప్లింట్స్ ఉన్నవారు ముఖం చిట్లించుకుంటూనైనా గెంతగలుగుతారు. మొదటి గెంతుకే ఆగిపోతే పగులు ఉందని అనుమానించాలి.

పగులు వచ్చిన తొలి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది, పరుగెత్తవచ్చు" అన్న మాట ఆ దశలో ప్రమాదకరం. అనుమానం బలంగా ఉంటే ఎంఆర్‌ఐ చేయించడం సరైన పద్ధతి.

వేరు చేసి చూడాల్సిన జబ్బులు

స్ట్రెస్ ఫ్రాక్చర్: నొప్పి ఒకే చోట ఉంటుంది, విశ్రాంతిలోనూ రాత్రిపూట కూడా వేధిస్తుంది. అంతర్జంఘిక వెనక లోపలి అంచున వచ్చే పగులు సాధారణంగా కొన్ని వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది. ఎముక ముందు అంచు మధ్యలో వచ్చేది వేరు. ఎక్స్‌రేలో అడ్డంగా నల్ల గీతలా కనిపించే ఈ పగులు తేలిగ్గా అతుక్కోదు, పరుగు కొనసాగిస్తే ఎముక పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది. కొందరికి ఎముక లోపల రాడ్డు వేయాల్సి వస్తుంది.

కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్: కాలి కండరాలు సాగని పొరల సంచుల్లో ఉంటాయి. శ్రమతో కండరం ఉబ్బినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ తగ్గుతుంది. పరుగు మొదలైన కొన్ని నిమిషాలకు, దాదాపు ప్రతిసారీ అదే దూరానికి, కాలు బిగుసుకుపోతుంది, పాదం తిమ్మిరెక్కుతుంది. ఆపగానే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. వేడెక్కితే తగ్గే షిన్ స్ప్లింట్స్‌కు ఇది పూర్తిగా విరుద్ధం. సూదితో కండరంలో ఒత్తిడి కొలిచి నిర్ధారిస్తారు. ఒక నిమిషం విశ్రాంతి తర్వాత 30 మిల్లీమీటర్ల పాదరసం లేదా అంతకు మించి ఉండడం ప్రామాణిక కొలతల్లో ఒకటి. పాదాన్ని పైకి లేపే కండరం ముందు సంచిలో ఉంటుంది కాబట్టి ఈ నొప్పి తరచు ఎముకకు బయటివైపున వస్తుంది.

మోకాలి వెనక ధమని నొక్కుకుపోవడం, నరం ఇరుక్కోవడం, సిరలో రక్తం గడ్డకట్టడం, అరుదుగా ఎముక కంతి కూడా ఇలాంటి నొప్పినే ఇస్తాయి. జ్వరం, పిక్క ఒక్కటే వాచి వేడిగా ఉండడం, పరుగుతో సంబంధం లేకుండా రాత్రుళ్లు నొప్పి పెరగడం ఉంటే పరుగు గాయమని సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స

నొప్పి తెప్పించే భారాన్ని తగ్గించడమే అసలు చికిత్స. మందులు, పట్టీలు, యంత్ర చికిత్సలు ఎన్ని పరీక్షించినా, విశ్రాంతి తర్వాత క్రమంగా పరుగు పెంచడంకన్నా నిశ్చయంగా మెరుగైనది ఇప్పటివరకు తేలలేదు. నెదర్లాండ్స్‌లో 2012లో ప్రచురితమైన పరిశోధనలో క్రీడాకారులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు క్రమంగా పెంచే పరుగు మాత్రమే ఇచ్చారు, రెండో గుంపుకు దానితోపాటు పిక్క వ్యాయామాలు, మూడో గుంపుకు బిగుతు మేజోళ్లు ఇచ్చారు. కోలుకునే కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడు గుంపులకూ సగటున 100 రోజులు దాటింది. రెండు వారాల్లో తగ్గుతుందని ఆశపడేవారికి ఈ అంకె ముందే చెప్పడం మేలు.

తొలి రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐస్‌ను 15 నుంచి 20 నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కొద్ది రోజులు నొప్పికి పనిచేస్తాయి, కానీ వాటిని వేసుకుని పరుగెత్తడం తప్పు. నొప్పి కప్పబడుతుంది, భారం అలాగే పడుతుంది. స్ప్రే కొట్టుకుని గ్రౌండ్‌లో దిగడమూ అంతే. షాక్‌వేవ్ చికిత్సతో కొందరికి గుణం కనిపించినట్టు చిన్న అధ్యయనాలున్నాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లను నిపుణులు సిఫారసు చేయరు. శస్త్రచికిత్స అవసరం అరుదు.

గుండె దమ్ము తగ్గకుండా ఈత, సైకిల్, నీళ్లలో పరుగు కొనసాగించవచ్చు. పిక్క కండరాలు బలపడటానికి మెట్టు అంచున నిలబడి మడమలు నెమ్మదిగా పైకెత్తి దించే వ్యాయామం వాడుకలో ఉంది. మోకాలు నిటారుగా ఉంచి కొన్నిసార్లు, కొద్దిగా వంచి కొన్నిసార్లు చేస్తారు. వంచినప్పుడు సోలియస్ మీద పని ఎక్కువ పడుతుంది.

తిరిగి పరుగులోకి

వేగంగా 30 నిమిషాలు నడిచినా, అంచును నొక్కినా నొప్పి లేనప్పుడే పరుగు మొదలుపెట్టడం సురక్షితం. తొలి వారాల్లో రోజు విడిచి రోజు, నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున మొదలుపెట్టి నడక తగ్గిస్తూ పరుగు పెంచుతారు. ముందు మొత్తం సమయం పెరగాలి, వేగం ఆ తర్వాత. పరుగు తర్వాతి రోజు పొద్దున ఎముక నొప్పి పెడితే కిందటి మెట్టుకు దిగాలి. అడుగులు కాస్త పొట్టివి చేసి నిమిషానికి వాటి సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే కాలి కీళ్ల మీద భారం తగ్గుతుందని ప్రయోగశాల కొలతలు చూపాయి. అది షిన్ స్ప్లింట్స్‌నే మాన్పుతుందని చెప్పడానికి ఆధారం ఇంకా తక్కువ.

నివారణ

వారానికి 10 శాతానికి మించి దూరం పెంచకూడదన్న సూత్రం పరుగు లోకంలో ప్రసిద్ధం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త పరుగువీరులపై చేసిన అధ్యయనంలో, 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆ సూత్రం పాటించినవారికీ మామూలుగా పెంచినవారికీ గాయాల్లో తేడా లేదు. అంకెకన్నా ముఖ్యమైనవి రెండు: ఉన్నట్టుండి గెంతు వేయకపోవడం, మధ్యమధ్య ఎముకకు తేలిక వారాలు ఇవ్వడం. అరిగిన బూట్లు మార్చాలి. కుదుపు తగ్గించే లోపలి అట్టలు సైనిక శిక్షణలో కొంత ఉపయోగపడినట్టు ఆధారాలున్నాయి. పరుగుకు ముందు చేసే స్ట్రెచింగ్ ఒక్కటే ఈ నొప్పిని ఆపదు.

అమెరికా నౌకాదళంలో చేరిన 5,201 మంది మహిళలపై జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 2,000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నవారికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయి. ఆ మోతాదును సొంతంగా అనుసరించడం మంచిది కాదు. అయితే లోపం ఉంటే సరిదిద్దుకోవాలనడానికి అది గట్టి ఆధారం. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. తిరుపతిలో హరినారాయణ్ బృందం చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న దక్షిణాది వారిలోనూ ఆహారంలో కాల్షియం తక్కువగా, విటమిన్ డి లోపం విస్తృతంగా కనిపించింది. పాలు, పెరుగు, నువ్వులు, ముళ్లతో తినే చిన్న చేపలు కాల్షియానికి మంచి వనరులు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్ మారథాన్‌లోనూ విశాఖ బీచ్ రోడ్డులోనూ పరుగు తీసే ఉద్యోగులు పెరిగాక ఈ నొప్పితో ఫిజియోథెరపిస్టుల దగ్గరికి వచ్చేవారూ పెరిగారు. కానీ ఇది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది పోలీసు, సైనిక ఉద్యోగాల కోసం శ్రమపడే యువతకు. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022లో పురుషులకు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్న నిబంధన ఉండేది. ఆంధ్రప్రదేశ్ పోలీసు పరీక్షల్లోనూ సైనిక ర్యాలీల్లోనూ పురుషులకు దాదాపు ఇంతే దూరం ఉంటుంది.

చాలామంది రాత పరీక్ష ముగిసేదాకా కుర్చీలో కూర్చుని చదువుతారు. ప్రాథమిక రాత పరీక్ష (ప్రిలిమ్స్) ఫలితం వచ్చిన మర్నాడే, తెల్లవారుజామున, కాలేజీ గ్రౌండ్‌లోనో ఊరి బయట తారు రోడ్డు మీదో, పలుచని అట్టతో ఉన్న కాన్వాస్ బూట్లతో రోజూ 1,600 మీటర్లు గడియారం పెట్టుకుని పూర్తి వేగంతో పరుగెత్తుతారు. మూడో వారానికో నాలుగో వారానికో ఎముక నొప్పి మొదలవుతుంది. ఆ సమయానికి శారీరక పరీక్షల (ఈవెంట్ల) తేదీ దగ్గరపడుతుంది, ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. కట్టు కట్టుకుని, స్ప్రే కొట్టుకుని, మాత్ర మింగి పరుగెత్తినవారిలో కొందరు పగులుతో పరీక్ష చేజార్చుకుంటారు.

రాత పరీక్షకు చదివే నెలల్లోనే వారానికి మూడు రోజులు, మట్టి నేల మీద, మాట్లాడుతూ పరుగెత్తగలిగే తేలిక వేగంతో 20 నిమిషాల నుంచి మొదలుపెడితే ఎముకకు కట్టుకునే వ్యవధి దొరుకుతుంది. గడియారంతో వేగపు పరుగులు చివరి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, వారానికి రెండుకు మించకుండా పెట్టుకుంటే సరిపోతుంది. నొప్పి అప్పటికే మొదలై తేదీ దగ్గరపడినవారు ముందుగా పగులు లేదని వైద్యుడి దగ్గర తేల్చుకోవాలి. లేదని తేలితే వేగపు పరుగులు ఆపి, సైకిల్ మీద దమ్ము నిలుపుకుంటూ, పరీక్షకు ముందు రెండు మూడు తేలిక పరుగులతో సరిపెట్టుకోవాలి. పగులు ఉందని తేలితే ఆ విడత పరీక్షకు దిగకూడదు.